అవగాహన లేదట!

గుంటూరు, ప్రకాశం జిల్లాల వార్తాపుటలు క్రమం తప్పక చదివేవారికి ఒక వాక్యం కంఠస్థమై ఉంటుంది. పత్తి చేలోనో మిరప తోటలోనో మందు కొడుతూ ఒక మనిషి పడిపోతాడు. మరునాడు నాలుగు పంక్తుల వార్త వస్తుంది. రైతులలోనూ కూలీలలోనూ అవగాహన కొరవడిందనీ, త్వరలో అవగాహన సదస్సులు నిర్వహిస్తారనీ ఆ వార్త ముగుస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి, గాలివాటం చూసుకుని కొట్టాలి, పని కాగానే సబ్బుతో స్నానం చేయాలి. మంచి మాటలే. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. నా తగువల్లా వాటి ముందు నిలబెట్టిన ఆ "అవగాహన" అనే పదంతోనే.

మాది ఆ నేలే కనుక ధైర్యంగా చెప్పగలను. పురుగుమందు విషమని తెలియని మనిషి ఆ నల్లరేగడి మీద నాకింతవరకు తారసపడలేదు. తెల్లదోమ, దాని వెనుకనే శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక పంటను ఊడ్చిపెట్టిన కాలాన్ని, 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యలతో ఈ రెండు జిల్లాల పేర్లు దేశమంతటా వినబడిన రోజులను చూసిన పల్లెలవి. విషం గురించి ఆ పల్లెలకు పాఠం చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. తెలిసిన మనుషులు, తెలిసి తెలిసీ, ఒట్టి చేతులతో ఆ డబ్బాను ఎందుకు తాకుతున్నారన్నది అడగవలసిన ప్రశ్న. అవగాహన లేదు అనేశాక ఆ ప్రశ్న ఇక ఎవరూ అడగరు. ఆ పదం చేసే అసలు పని అదే.

ఈ విషయంలో నా కళ్లు తెరిపించినవి డాక్టర్ వీణా శత్రుఘ్న రచనలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో దశాబ్దాలపాటు పరిశోధకురాలిగా పనిచేసి, క్లినికల్ విభాగానికి అధిపతిగా, సంస్థకు ఉపసంచాలకురాలిగా ఉండి ఆవిడ పదవీ విరమణ చేశారు. తెలుగు చదువరులలో కొందరికి "సవాలక్ష సందేహాలు" అన్న స్త్రీల ఆరోగ్య గ్రంథం ద్వారా ఆవిడ పరిచయమై ఉండవచ్చు. ఆ పుస్తకం వెనుక ఉన్న బృందంలో ఆవిడ ఒకరు. ఆవిడ పరిశోధించినది పురుగుమందులను కాదు. పేద స్త్రీల ఎముకలను, నడుం నొప్పులను, ఎదగని ఒళ్లను, వారి కంచంలోకి రాకుండా పోయిన పదార్థాలను. అయినా పత్తి చేలో పడిపోయిన మనిషిని అర్థం చేసుకోవడానికి వ్యవసాయ శాఖ కరపత్రాలన్నిటికన్నా ఆ ఎముకల లెక్కలే నాకు ఎక్కువ అక్కరకు వచ్చాయి. విషం తగిలేది చేలో. తగిలించుకునే ఒళ్లు మాత్రం అంతకు పాతికేళ్ల ముందునుంచీ, తల్లి కడుపులో ఉన్ననాటినుంచీ తయారవుతూ వస్తుంది.

ఆ సంగతిలోకి పోయేముందు దర్శి, పొదిలి వైపు వెళ్లి రావాలి. పేదరికానికీ ఎముకలకూ ఉన్న చుట్టరికం వైద్యశాస్త్రానికి మన దగ్గర మొదట కనబడింది అక్కడే.

1930లలో ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. (1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఆ తరువాత కూడా హద్దులు మారుతూనే వచ్చాయి. బావుల్లో నీళ్లు మాత్రం అవే.) రైతులు మొదట గమనించింది తమ ఒంటిని కాదు, ఎద్దులను. కీళ్లు బిగుసుకుపోయి ఎద్దులు నడవలేకపోయేవి. ఆ తరువాత మనుషుల సంగతి బయటపడింది. పళ్లు గార పట్టినట్లు మచ్చలు తేలడం, మెడ తిరగకపోవడం, వెన్ను కర్రలా బిగుసుకుపోయి మనిషి నేలచూపులు చూస్తూ నడవడం. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో దీనిని గురించి వ్యాసం ప్రకటించారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర ఆ వ్యాసంతోనే మొదలవుతుంది. ఆ షార్ట్ దొరే 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగి ఉండే దశను కనిపెట్టి ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. ఆ కీర్తిలో పొదిలికి వాటా ఏమీ దక్కలేదు లెండి.

మొదటి వ్యాసం నీటిని పట్టుకుంది. 1940లో పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి కలిసి రాసిన వ్యాసం ఇంకొక మెట్టు లోతుకు దిగింది. నీటిలో ఫ్లోరైడు ఉన్నంత మాత్రాన అందరి ఎముకలూ ఒకే తీరున చెడటం లేదు. తిండి సరిగా లేనిచోట, ముఖ్యంగా సి విటమిన్ కొరవడినచోట, జబ్బు ముదురుతోంది. ఈ మాట చెప్పి ఎనభై ఏళ్లు దాటింది! ఇందులో రహస్యమేమీ లేదు. పాలూ పెరుగూ ఉన్న ఇంట్లో, తిన్న కాల్షియం కొంత ఫ్లోరైడును పేగులోనే పట్టుకుని ఒంటికి ఎక్కకుండా బయటకు పంపేస్తుంది. గంజీ పచ్చిమిరపకాయా తిన్నవాడికి ఆ కావలి లేదు. పైగా నడి ఎండలో కలుపు తీసే మనిషి తాగే నీళ్లు, అరుగు మీద కూర్చున్న మనిషి తాగే నీళ్లకన్నా చాలా ఎక్కువ. బావి ఒకటే అయినా కూలివాడి ఒంట్లోకి పోయే విషం మోతాదు పెద్దది, దాన్ని ఆపే తిండి చిన్నది. ఆ నీళ్లు తాగవద్దని చెప్పడానికి సదస్సు పెట్టవచ్చు. సదస్సుకు వచ్చినవారు ఇంటికి పోయి ఏ నీళ్లు తాగాలో కూడా చెప్పాలి కదా.

ఇప్పుడు కంచం సంగతి. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం మొదట చేసిన గొప్ప పనుల్లో ఒకటి జొన్న మీద. జొన్న తప్ప వేరే తిండి ఎరుగని దక్కను కూలీలకు పెల్లాగ్రా ఎందుకు వస్తోందో గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో చర్చించారు. జొన్నలోని ల్యూసిన్ మీద వారి అనుమానం. అదే జొన్నరొట్టెను పాలతో, మాంసంతో తినే ఇంటివాడికి ఆ జబ్బు రాదు. మళ్లీ అదే కథ. పంట ఒకటే, ఊరొకటే, చర్మం ఊడిపోయేది మాత్రం ఒకరికే.

ఇంత చూసిన శాస్త్రం ఆ తరువాత చేసిందేమిటి? పేదవాడికి లోటు మాంసకృత్తులు కాదు, కెలోరీలు అని తేల్చింది. కడుపు నిండితే మిగిలినవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయన్నారు. కెలోరీలు అన్నిటికన్నా చౌకగా దొరికేది ధాన్యంలో. 1979లో ప్రణాళికా సంఘపు నిపుణులు పల్లెకు 2400, పట్నానికి 2100 కెలోరీలు అని గీత గీసి దానికి దారిద్ర్యరేఖ అని పేరు పెట్టారు. రేఖకు పైన ఉన్నవాడి కంచంలో గుడ్డు ఉందా, చేప ఉందా, చుక్క పాలున్నాయా అని ఆ గీత అడగదు. 1982లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఇంకో అడుగు ముందుకు వేసి, భారతదేశపు పేదలు పొట్టిగా ఉన్నారే గాని ఆరోగ్యంగానే ఉన్నారన్నాడు. చిన్న ఒళ్లు, తక్కువ తిండి, ఏ చిక్కూ లేదు! దీనిమీద గోపాలన్ 1983లోనే గట్టిగా విరుచుకుపడ్డారు. పొట్టిదనం అంత మంచిదైతే అది పేదవాడికి మాత్రమే ఎందుకు మంచిదయిందన్నది ఆయన వేసిన ప్రశ్న సారాంశం.

వీణా శత్రుఘ్న ఈ వాదాన్ని అక్కడితో వదలలేదు. ఆవిడ ఆ సంస్థలోనే కూర్చుని, ఆ సంస్థ పెద్దలు కట్టిన కెలోరీల లెక్కనే ప్రశ్నించారు. చౌక ఆహారం పేరిట గుడ్డు, మాంసం, చేప, పాలు పేదవాడి కంచంలోంచి జారిపోయాయనీ, ధాన్యంతోనే బతకమనడం ఒక తరాన్ని పొట్టివాళ్లుగా, పెళుసు ఎముకలవాళ్లుగా మిగిల్చిందనీ, ఆ నిర్ణయం తీసుకున్న నిపుణుల ఇంటి శాకాహారపు అలవాట్లకు కూడా అందులో పాత్ర ఉందనీ ఆవిడ వాదన. ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేస్తూ ఈ మాట అనడానికి గుండె కావాలి.

ఆవిడ పనిలో నాకు బాగా నచ్చేది నడుం నొప్పి. 1990లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆవిడా, సహ పరిశోధకులూ దాని మీద ఒక వ్యాసం రాశారు. నడుం నొప్పిని ఆడవాళ్ల సహజ లక్షణంగా చూసే అలవాటును దాని పేరులోనే ఎత్తిపొడిచారు. ఏ ఆసుపత్రి వరండాలో చూసినా వినబడేది ఆ బాధే, ఏ డాక్టరూ చెవిన పెట్టనిదీ ఆ బాధే. తరువాత 2005లో ఆవిడ బృందం ఆస్టియోపొరోసిస్ ఇంటర్నేషనల్ పత్రికలో ఒక అధ్యయనం ప్రకటించింది. తక్కువ ఆదాయపు కుటుంబాలకు చెందిన, 30 నుంచి 60 ఏళ్ల వయసున్న 289 మంది స్త్రీల ఎముకల సాంద్రతను కొలిచారు. తొడ ఎముక మెడ దగ్గర సుమారు 29 శాతం మందికి ఎముక గుల్లబారి ఉంది. మరో 52 శాతం మందికి ఆ దారిలో పలచబడి ఉంది. అరవై దాటిన ముసలమ్మలలో ఈ అంకెలు కనబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇక్కడ ముప్పై ఏళ్లవారినుంచీ ఉన్నారు. వీరికి అవగాహన ఇచ్చి ఏం లాభం? పాలు తాగమని చెబుతారా? ఆ మాట వారికి తెలియదనా?

కాస్త దూరం పోయి ఒక సాక్ష్యం తెస్తాను. లండనులో ప్రభుత్వోద్యోగులను 1967 నుంచి పరిశీలించిన వైట్‌హాల్ అధ్యయనం ఉంది. మైకేల్ మార్మట్ పేరు దానితో ముడిపడి ఉంది. వారెవరూ ఆకలితో ఉన్నవారు కారు. అందరూ చదువుకున్నవారు, నెలజీతగాళ్లు. అయినా గుండెజబ్బుతో చనిపోవడం ఉద్యోగపు మెట్టును బట్టి మారింది. పైమెట్టు కన్నా దాని కింది మెట్టువారు ఎక్కువ, వారి కన్నా ఆ కింది మెట్టువారు ఇంకా ఎక్కువ. పేదరికం, అసమానత అనే రెండు మాటలను మనం ఒకటిగా వాడేస్తూ ఉంటాం. ఆ రెండూ వేరని అక్కడ తెలుస్తుంది.

ఈ మెట్ల వ్యవహారం పత్తి చేలో ఎలా ఉంటుందో 2005లో ఫ్రాన్సెస్కా మాన్సినీ బృందం చూపించింది. మన ఉమ్మడి రాష్ట్రంలోని మూడు పల్లెల్లో ఒక పంటకాలం పొడుగునా యాభై మంది స్త్రీల చేత, తమకూ తమ ఇంటి మగవారికీ మందు కొట్టినప్పుడల్లా ఏమయిందో రాయించారు. 323 సందర్భాలు నమోదైతే 83.6 శాతంలో ఏదో ఒక విషలక్షణం కనబడింది. 6 శాతంలో నరాల మీద చాలా తీవ్రమైన ప్రభావం. అంతటి స్థితిలో కూడా ఆసుపత్రికి వెళ్లినవారు ఒక్కరూ లేరు. భూస్వాములకన్నా సన్నకారు రైతులకు తీవ్రమైన విషప్రభావం ఎక్కువగా కలిగింది. ఇంకొక సంగతి: స్త్రీలు సాధారణంగా పంపు భుజాన వేసుకోరు కనుక వారికి ప్రమాదం లేదనుకుంటాం. డబ్బాలోని చిక్కటి మందును నీళ్లలో కలిపేదీ, ట్యాంకు నింపి అందించేదీ వారే. అది మందు కొట్టడమంత ప్రమాదకరమైన పనేనని ఆ అధ్యయనం తేల్చింది. మరి అవగాహన సదస్సుకు పిలిచేది ఎవరిని? పట్టాదారు పుస్తకం ఉన్న మగవాణ్ణి.

ఆ పుస్తకం లేనివాడి సంగతి కౌలురైతును అడగండి. పత్తీ మిర్చీ పెట్టుబడి మింగే పంటలు. కౌలు ముందే కట్టాలి. బ్యాంకు అప్పు ఇవ్వదు. 2011లో సాగుదారుల చట్టం వచ్చింది, 2019లో ఇంకొకటి వచ్చింది. ఆ రెండోదానిలో కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే భూమి పోతుందేమోనని యజమాని భయం. చివరికి అరువు ఇచ్చేవాడు పురుగుమందుల కొట్టువాడు. అరువు ఎవరిస్తే ఏ మందు కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో చెప్పేది కూడా వారే. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడినప్పుడు, పూత రాలిపోతుంటే, ఒక మందు పనిచేయక ఇంకొకటి, అదీ పనిచేయక రెండూ కలిపి కొట్టారు. ఆ ఎండలో తొడుగులూ ముసుగూ వేసుకుని ట్యాంకు మోస్తే మనిషికి ఊపిరాడదు. ఇది తెలియనితనమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు, రావాలి కూడా. 1987-88లో ప్రాణాలు తీసుకున్నవారిలో భూమి ఉన్న రైతులు లేరా, పేదరికమే కారణమైతే కూలీలే కదా ముందు పోవాలి అని. ఉన్నారు. అందుకే మెట్ల గురించి చెప్పాను. మూడెకరాల రైతు పక్క చేను కౌలుకు పట్టి ఆరెకరాల పత్తి వేసిన ఏడాది, పైమెట్టుకు చేయి చాచి కింది మెట్టు మీద కూడా కాలు నిలవక పడతాడు. కూలీ చావు వేరే. అది ఒక్క రోజులో రాదు, వార్తకు ఎక్కదు.

రెండో ఆక్షేపణ ఆరోగ్యశ్రీ. 2007లో వచ్చింది, గుండె ఆపరేషను అప్పు లేకుండా చేయించుకున్నవారు ఉన్నారు, కాదనను. కాని నడుం నొప్పికీ, మందు కొట్టిన రాత్రి వాంతులకూ, వణుకుడుకూ అది అక్కరకు రాలేదు. అప్పటికి ఊళ్లో ఆర్‌ఎంపీ, ఒక గ్లూకోజు సీసా. అంతే.

ఇంకొక మాట మన బ్లాగరుల కోసం. గుంటూరు కారం మీద, కొరివి కారం మీద మనం రాసుకున్న టపాలు గుది గుచ్చితే మిర్చి యార్డు నిండుతుంది. నేనూ చదివాను, నోరూరింది. ఆ కాయలు కోసేది స్త్రీలు. సాళ్ల మధ్య వంగి, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా. తొడిమలు తీసేవారూ వారే. చేతుల మంట రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా తగ్గదు. మన టపాలలో ఆ వంగిన నడుం ఎందుకు లేదని అడిగితే కోపం తెచ్చుకోకండి.

మరి ఏం చేయాలంటావని అడిగేవారికి ఒక పోలిక చెబుతాను. శ్రీలంక 1995 నాటికి మోనోక్రోటోఫాస్ వంటి అతి ప్రమాదకరమైన మందులను తొలగించింది, 1998లో ఎండోసల్ఫాన్‌ను తీసేసింది. 1995 నుంచి 2005 వరకు పదేళ్లలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అదే కాలంలో మన వరంగల్లు ఆసుపత్రిలో, 1997 నుంచి 2002 దాకా, పురుగుమందు విషంతో 8040 మంది చేరారు. వారిలో 22.6 శాతం మంది చనిపోయారు. ఏ మందో తెలిసిన మరణాలను 2002లో లెక్కిస్తే ఎక్కువ భాగం ఆ రెండింటివే, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మోనోక్రోటోఫాస్ గురించి మన దేశాన్ని ప్రత్యేకంగా హెచ్చరించింది. ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు చెబితే ఆగింది. మోనోక్రోటోఫాస్ నిషేధపు ఉత్తర్వు 2023లో వచ్చింది, అదీ ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువుతో. శ్రీలంకకూ మనకూ మధ్య ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ అవగాహన ఎవరికి కొరవడిందో జిల్లా పేజీలు ఒక్కసారీ రాయలేదు.

నిషేధం ఒక భాగం. కౌలుదారుకు యజమాని సంతకంతో పని లేని కార్డు ఇంకొకటి. బడిలో, అంగన్‌వాడీలో గుడ్డు మీద తగవు లేకుండా పెట్టడం మూడోది. గుడ్డు పెట్టవద్దని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు, వారి పిల్లలు ఆ బడులలో చదవరు. వీటికన్నా తేలికైనది, ఖర్చులేనిది ఇంకొకటి ఉంది. చదువరులలో వైద్యులు కొందరున్నారని ఎరుగుదును. హైదరాబాదులో 289 మందికి కొలిచినట్లు మిరప కోసే స్త్రీలకు ఎముకలు కొలవండి. నిన్న మందు ఎవరు కలిపారో అడిగి రాసుకోండి. దానికి కోతల కాలం మంచిది. కల్లాల దగ్గర అందరూ ఒకచోటే దొరుకుతారు.